పిట్ట పిల్ల కింద పడిందా? ముందు దాని వయసు చూడండి

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. కుండీలోని మొక్కలో పిగిలి పిట్ట గూడు కట్టింది, 3 పిల్లలు. ఈ ఉదయం ఒకటి నేలమీద కనిపించింది. పిల్లి తిరిగే చోటు కాబట్టి భయపడి లోపలికి తెచ్చి అట్టపెట్టెలో పెట్టారు. ఇప్పుడు పాలు పట్టాలా, మనిషి చెయ్యి తగిలాక తల్లి మళ్లీ దగ్గరికి తీస్తుందా, మీరే పెంచి రెక్కలొచ్చాక వదిలేస్తే సరిపోతుందా, అంతా అయ్యాక గూడు తీసేయొచ్చా అని మీ ప్రశ్నలు.

పాలు వద్దు. నీళ్లు కూడా నోట్లో పోయకండి. చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి వదిలేయదు. మీరు పెంచాల్సిన అవసరం దాదాపుగా రాదు. పెట్టె మూత వేసి, చీకటిగా, వెచ్చగా, అలికిడి లేని చోట పెట్టండి. ఇది చదివాక పిల్లను ఒక్క నిమిషం పరిశీలనగా చూడండి. ఏం చేయాలో దాని వయసే చెబుతుంది. ఇలా ఇంట్లోకి చేరే పిల్లల్లో చాలావాటికి తల్లీ తండ్రీ ఇద్దరూ పక్క చెట్టు మీదే ఉంటారు. అనాథ కాని పిల్లను మనం అనాథను చేస్తున్నామా అన్నదే మొదట తేల్చుకోవాల్సిన విషయం.

వయసు ఎలా పోల్చుకోవాలి? పక్షి పిల్లల్లో రెండు తీర్లు ఉన్నాయి. బాతు, కంజు, నెమలి, తీతువు లాంటివాటి పిల్లలు గుడ్డులోంచి బయటపడుతూనే కళ్లు తెరిచి, ఒంటినిండా నూగుతో, కొద్ది గంటల్లోనే తల్లి వెంట నడుస్తాయి. పిచ్చుక, గోరింక, కాకి, పిగిలి పిట్ట, పావురం, చిలుక పిల్లలు అలా కాదు. కళ్లు మూసుకుని, మెడ నిలపలేక, ఒంటి వేడిని తామే కాపాడుకోలేని స్థితిలో పుడతాయి. కానీ ఎదుగుదలలో వాటి వేగం ఆశ్చర్యంగా ఉంటుంది. పిచ్చుక పిల్ల పుట్టినప్పుడు 2 నుంచి 3 గ్రాములు. 10 రోజులు తిరిగేసరికి 20 గ్రాములు దాటుతుంది. రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా గూడు వదిలేస్తుంది. గోరింకకు సుమారు మూడు వారాలు పడుతుంది, పావురానికి నాలుగైదు వారాలు. మీ పిగిలి పిట్ట ఈ లెక్కన తొందరపాటు మనిషే, 12 రోజులకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా బయటికి దూకేస్తుంది.

పిల్లను అరచేతిలో పెట్టుకుని రెక్క వైపు చూడండి. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా గులాబీ రంగు చర్మమే. పొట్ట చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే లోపలి పేగులు పైకే కనబడతాయి. కళ్లు ఉండాల్సిన చోట మూసుకుపోయిన నల్లటి ఉబ్బులు ఉంటాయి. ముక్కు కొన మీద తెల్లటి పొక్కు ఒకటి కనబడితే అది పెంకు పగలగొట్టడానికి వాడుకున్నది, కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. ఆ తర్వాత చర్మం కింద నల్లటి చుక్కలు వరసలు తేరతాయి. ఒకటి రెండు రోజుల్లో అవి చర్మాన్ని చీల్చుకుని నీలం కలిసిన బూడిద రంగు గొట్టాలై పొడుచుకొస్తాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో ఈక చుట్టుకుని ఉంటుంది. ఎదుగుతున్నన్నాళ్లూ అందులో నెత్తురు పారుతుంది కాబట్టి విరిగితే కారుతుంది. అందుకే ఈ దశలో రెక్క పట్టుకుని లాగడం, పంజరం ఊచల మధ్య పెట్టడం అస్సలు పనికిరావు. తర్వాత గొట్టం కొన పగిలి ఈక బయటికి తొంగిచూస్తుంది, అప్పుడది వాడి ఆరబెట్టిన కుంచె మొనలా ఉంటుంది. పిల్ల ముక్కుతో సవరించుకున్న కొద్దీ ఆ గొట్టం తెల్లటి పొట్టుగా రాలిపోతుంది. గూటి అడుగున కనిపించే తెల్లటి పొడి చాలావరకు అదే, జబ్బేమో అని కంగారు పడకండి.

ఇక ఒళ్లంతా ఈకలు విచ్చుకుని, తోక మాత్రం పొట్టిగా తెగ్గోసినట్టు ఉండి, నోటి మూలల్లో లేతరంగు మందపాటి అంచులు ఇంకా మిగిలి ఉంటే అది గూడు వదిలే వయసు పిల్ల. మీ వేలు దాని కాళ్ల కింద పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుని నిటారుగా కూర్చుంటే, కింద పెట్టగానే గెంతుకుంటూ పోతే, అది పడిపోయిన పిల్ల కాదు, దిగి వచ్చిన పిల్ల. ఎగరలేకపోవడం దెబ్బ తగిలిందనడానికి గుర్తు కాదు. పిగిలి పిట్టలు, గోరింకలు, కాకులు సరిగ్గా ఎగరడం రాకముందే గూడు వదులుతాయి. ఒక గూటిలో మూడు పిల్లలు కలిసి అరుస్తుంటే పిల్లికో, పాముకో, కాకికో ఒక్క దెబ్బకు మూడూ దొరుకుతాయి. తలోదిక్కు పొదల్లో చెదిరిపోతే అన్నీ ఒకేసారి చిక్కవు. ఆ కొద్ది రోజులూ అవి నేలమీదా, కింది కొమ్మల్లోనూ గడుపుతాయి, తల్లిదండ్రులు గొంతు ఆనవాలు పట్టి వెతుక్కుంటూ వచ్చి మేపుతాయి.

మీ పిల్ల ఇలా గూడు వదిలే వయసుదైతే మీ పని ఐదు నిమిషాలది. దొరికిన చోటికి దగ్గరలో ఉన్న దట్టమైన పొదలోకో, నడుమెత్తు కొమ్మ మీదికో చేర్చి వెనక్కి రండి. పిల్లి మీదైతే లోపల పెట్టి తలుపేయండి, పక్కింటిదైతే రెండు మూడు రోజులు పగటిపూట కట్టడి చేయమని అడగండి. పిల్లికి భయపడి పిట్టను బంధించడం కంటే పిట్ట కోసం పిల్లిని ఆపడం తేలిక. తిరిగి గూట్లో పెడితే పోదా అంటారేమో. పెట్టినా అది మళ్లీ దూకుతుంది, పైగా దాన్ని చూసి ఇంకా వయసు రాని మిగతా రెండూ బెదిరి దూకేస్తాయి.

ఈకలు రాని పిల్ల, లేదా గొట్టాల దశలో ఉన్న పిల్ల అయితే దాని చోటు గూడే. ఒళ్లు చల్లగా తగులుతోందా చూడండి. చల్లగా ఉంటే ముందు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడనివ్వండి. చల్లబడ్డ పిల్ల నోరు తెరవదు. నోరు తెరవని పిల్లను తల్లి మేపదు, చచ్చిపోయిందనుకుని దాన్ని గూట్లోంచి తీసి పడేసే అవకాశమూ ఉంది. వెచ్చబడి కదిలి, నోరు తెరిచాక గూట్లో మిగతావాటి పక్కన పెట్టండి.

గూట్లో చెయ్యి పెడితే, పిల్లను ముట్టుకుంటే మనిషి వాసన తగిలి తల్లి వదిలేస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పక్షులకు వాసన తెలియదనీ కాదు, కొన్నిటికి బాగానే తెలుస్తుంది. కానీ పొదిగి, మేపి, ఇన్ని రోజులు పెంచిన పిల్లను ఒక్క వాసనకు వదులుకునేంత చులకన వ్యవహారం కాదది. పక్షుల మీద పరిశోధన చేసేవాళ్లు గూళ్లలోంచి పిల్లలను తీసి, తూచి, కాలికి గుర్తింపు రింగు వేసి మళ్లీ పెడతారు, తల్లిదండ్రులు యథాప్రకారం మేపుతాయి. నిజంగా గూడు వదిలేసే సందర్భం వేరే ఉంది. గూడు కడుతున్నప్పుడు, గుడ్లు పెట్టిన కొత్తలో మాటిమాటికీ దగ్గరికెళ్లి బెదరగొడితే వదిలేస్తాయి. అంటే బెదిరేది మన వాసనకు కాదు, మన రాకపోకలకు.

గూడే చెదిరిపోయినా, అందనంత ఎత్తులో ఉన్నా చిన్న బుట్టో, అడుగున నీళ్లు కారిపోయేలా రంధ్రాలు పెట్టిన గిన్నెలాంటి డబ్బానో తీసుకోండి. ఎండుగడ్డి, ఎండిన సన్నటి పీచు పరిచి మధ్యలో గుంటలా నొక్కండి. దూది వద్దు, దాని పోగులు కాళ్లకు చుట్టుకుని నెత్తురు ఆడకుండా బిగిసిపోతాయి. పచ్చిగడ్డి వద్దు, తేమకు పిల్ల చల్లబడుతుంది. నునుపైన అడుగు కూడా వద్దు, పట్టు దొరక్క కాళ్లు రెండు పక్కలకూ జారి వంకర తిరుగుతాయి. దాన్ని పాత గూటికి మీటరు రెండు మీటర్ల లోపు, నీడపట్టున గట్టిగా కట్టండి. చోటు కాస్త మారినా పిల్ల గొంతు వినబడితే తల్లిదండ్రులు వస్తాయి.

ఆ తర్వాత దూరంగా వెళ్లి చూడటమే. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నాలుగడుగుల దూరంలో నిలబడి అరగంట చూసి తల్లి రాలేదంటారు. మీరు అక్కడున్నంత సేపు అది రాదు. ఇంట్లో తెర వెనక నుంచి చూడండి, ఆరుబయట అయితే కనీసం 15, 20 మీటర్లు పోండి. బైనాక్యులర్ ఉంటే ఇంకా దూరం. రెండు గంటలు కన్ను తిప్పకుండా చూడాలి. తల్లి రావడం, నోట్లో పెట్టి వెళ్లడం కొద్ది క్షణాల్లో అయిపోతుంది, ఫోన్ వైపు చూస్తే అది తప్పిపోయినట్టే. నోట పురుగు కరుచుకుని పక్క కొమ్మ మీద కూర్చుని, పొడిపొడిగా అదేపనిగా అరుస్తూ గూటివైపు రాకుండా ఉందంటే ఇంకా మీరు దగ్గరగా ఉన్నారని అర్థం. చీకటి పడ్డాక ఈ పిట్టలు మేపవు. కాబట్టి సాయంత్రం చీకటి వేళ పిల్ల దొరికితే రాత్రికి పెట్టెలో వెచ్చగా ఉంచి తెల్లవారగానే గూటికి చేర్చొచ్చు, ఆ ఒక్క రాత్రికి తల్లిదండ్రులు మర్చిపోవు.

మేపడం కళ్లారా చూడలేకపోయినా రెట్ట చూసి తెలుసుకోవచ్చు. గూట్లో ఉన్న చిన్న పిల్లలు మేత తినగానే వెనక్కి తిరిగి, పల్చటి పొరలో కట్టిన తెల్లటి ఉండలా రెట్ట వేస్తాయి. తల్లో తండ్రో దాన్ని ముక్కుతో అందుకుని దూరంగా పడేసి వస్తుంది. మొదటి రోజుల్లో మింగేస్తుంది కూడా. పిట్ట మేతతో వచ్చి తెల్లటి ఉండతో వెళ్తోందంటే లోపల పిల్ల తింటోంది, అరుగుతోంది, రెండూ తెలిసినట్టే. పావురాలు మాత్రం ఈ శుభ్రం పాటించవు, వాటి గూటి అంచు రెట్టతో గట్టిపడిపోతుంది. అది వాటి పద్ధతి.

పిల్ల నోరు తెరవడం గురించి ఒక మాట. కళ్లు రాకముందు గూడు కదిలితే చాలు మెడ నిటారుగా చాచి నోరు తెరుస్తుంది, కొమ్మ మీద తల్లి వాలిన కదలిక దానికి పిలుపు. ఆ నోటి లోపలి ఎర్రటి రంగు, మూలల్లోని లేత అంచులు తల్లికి మేత ఎక్కడ పెట్టాలో చూపించే గుర్తులు. పిల్లలకు దారి చూపే ఇలాంటి గుర్తులు పెద్ద పక్షుల మీదా ఉంటాయి. సముద్రపు గల్ పక్షి ముక్కు కింది భాగంలో ఎర్రటి మచ్చ ఉంటుంది, పిల్ల దాన్ని పొడిస్తే తల్లి మేత కక్కి పెడుతుంది. జంతువుల నడవడిని పరిశోధించిన నికో టిన్‌బర్గెన్ అట్టముక్కలతో రకరకాల ముక్కులు చేసి పిల్లలకు చూపించి ఈ సంగతి తేల్చాడు. మీ వేలు చూసి పిల్ల నోరు తెరిచిందంటే మిమ్మల్ని నమ్మిందని కాదు, కదలిక తెలిసిందని అంతే. ఎండలో ఉన్న పిల్ల నోరు తెరిచి రొప్పడాన్ని కూడా ఆకలి అనుకుంటారు. మెడ చాచి అరుస్తుంటే ఆకలి. మెడ ముడుచుకుని, గొంతు అదురుతూ, నోరు తెరిచి ఉంచితే వేడి. దానికి నీడ కావాలి, మేత కాదు.

ఇప్పుడు పాలు ఎందుకు వద్దన్నానో చెబుతాను. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. పావురాలు పిల్లలకు పట్టేది కూడా ఈ పాలు కాదు. పొదిగే రోజులు ముగిసేసరికి ఆడ, మగ రెండింటికీ గొంతు కింది మేత సంచి లోపలి పొర మందమై ఊడి, మాంసకృత్తులు, కొవ్వు నిండిన పెరుగు ముక్కల్లాంటి పదార్థంగా వస్తుంది. మొదటి రోజుల్లో పిల్లలకు అదే ఆహారం. అందుకే పావురం పిల్ల మిగతావాటిలా నోరు తెరిచి అడగదు, తల్లి నోట్లోకి తన ముక్కు దూర్చి తింటుంది. దాని నోట్లో గింజలు కుక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతి దీనికంటే ప్రమాదం. పిల్ల నోరు తెరిచినప్పుడు లోపలికి చూడండి. నాలుక మొదట్లోనే నిలువుగా చిన్న రంధ్రం తెరుచుకుని మూసుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరితిత్తులకు పోయే దారి. పైనుంచి వదిలిన చుక్క నేరుగా అందులోకే పోవచ్చు. పిల్ల అక్కడికక్కడే చనిపోకపోయినా తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోవచ్చు. గూట్లో పిల్లలకు కావాల్సిన నీరు పురుగుల్లోంచే దొరుకుతుంది, తల్లి వాటికి విడిగా నీళ్లు తెచ్చి పట్టదు.

అన్నం, రొట్టె, బిస్కెట్ ఎందుకు వద్దంటే అవి కడుపు నింపుతాయి గానీ ఒంటిని కట్టవు. ఏడాదంతా గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు మొదట్లో గొంగళి పురుగులు, చిన్న మిడతలు, సాలీళ్లు, పేనుబంకే తెచ్చి పెడుతుంది. పది పదిహేను రోజుల్లో ఎముకలు, కండ, వేల ఈకలు తయారవ్వాలంటే మాంసకృత్తులు లేకుండా కుదరదు. సున్నం తక్కువైతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. మేత సరిపోని రోజుల గుర్తు ఈకల మీదే ఉండిపోతుంది. ఎదుగుతున్న ఈక ఎత్తి వెలుతురుకు పెట్టి చూస్తే అడ్డంగా పల్చటి గీత కనిపిస్తుంది, ఆకలితోనో బెదురుతోనో గడిచిన రోజు అది. ఆ గీత దగ్గర ఈక బలహీనం, కొత్త ఈక వచ్చేదాకా అదే ఈకతో బతకాలి. మనం చేతితో పెంచిన పిల్లల రెక్కల్లో ఇలాంటి గీతలు ఎక్కువ.

సరే, కడుపు నింపడం ఎలాగో నేర్చుకున్నారే అనుకుందాం. తెల్లవారింది మొదలు పొద్దుగుంకేదాకా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి మేపాలి, తల్లీ తండ్రీ పంచుకుని చేసే పని అది. ఉద్యోగానికి సెలవు పెట్టి మీరు చేసినా, చేయలేనిది ఇంకొకటి మిగులుతుంది. చదువు. 1930లలో జంతువుల నడవడిని పరిశోధించిన కోన్రాడ్ లోరెంజ్ బాతు, గూస్ పిల్లలు పుట్టగానే తననే చూసేలా చేస్తే అవి తననే తల్లిగా ఎంచి వెంట తిరిగాయి. 1973లో ఆయనకూ, పైన చెప్పిన టిన్‌బర్గెన్‌కూ, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కూ కలిపి నోబెల్ వచ్చింది. విలియం థోర్ప్ అనే పరిశోధకుడు చాఫించ్ అనే చిన్న పాట పిట్ట పిల్లలను పెద్దవాటి పాట వినబడకుండా పెంచితే అవి పెద్దయ్యాక సరైన పాట పాడలేకపోయాయి. పాట రాని మగ పిట్టకు హద్దూ దక్కదు, జతా దక్కదు. 1970లో స్టీఫెన్ ఎమ్లెన్ అనే పరిశోధకుడు ఇండిగో బంటింగ్ అనే పిట్ట పిల్లల మీద చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. వలసపోయే ఈ పిట్ట పిల్లలు రాత్రి ఆకాశంలో చుక్కలు ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నాయో చూసి దిక్కు నేర్చుకుంటాయి. ప్లానెటేరియంలో వేరే నక్షత్రం చుట్టూ ఆకాశాన్ని తిప్పి చూపిస్తే వాటి ఉత్తర దిక్కే మారిపోయింది. ఇంటి పైకప్పు కింద పెరిగే పిల్ల పోగొట్టుకునేది ఇలాంటివి. గూడు వదిలాక రెండు మూడు వారాలు తల్లిదండ్రుల వెంట తిరుగుతూ ఏ పురుగు తినాలి, ఏది చేదు, గద్ద నీడ పడితే ఎలా అణగాలి అన్నవి నేర్చుకుంటుంది. రెక్కలొచ్చాక వదిలేస్తాను అనడంలో ఉన్న చిక్కు అదే. ఎగరడం ఎవరూ నేర్పకుండానే వస్తుంది, ఇవన్నీ అలా రావు. పైగా చాలా దేశాల్లో అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోవడం చట్టరీత్యా నేరం, మంచి మనసుతో చేసినా సరే.

నిజంగా చేయి వేయాల్సిన సందర్భాలు లేకపోలేదు. రెక్క వేలాడుతున్నా, నెత్తురు కనబడినా, ఈగలు గుడ్లు పెట్టినా, తల్లి చనిపోవడం మీ కళ్లతో చూసినా, రెండు మూడు గంటలు సరిగ్గా గమనించినా ఎవరూ రాకపోయినా ఆలస్యం చేయకండి. పిల్లి నోట పడిన పిల్లకైతే పైకి గాటు కనిపించకపోయినా అదే రోజు వైద్యం కావాలి. పిల్లి పళ్లు సూదుల్లా దిగి పైన చర్మం మూసుకుంటుంది, దాని నోట్లో ఉండే పాశ్చరెల్లా బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. యాంటీబయాటిక్ ఎంత, ఏది అన్నది పశువైద్యులే చెప్పాలి. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టె, అడుగున కాగితం తువ్వాలు, పెట్టె సగం కింద మాత్రమే గుడ్డలో చుట్టిన గోరువెచ్చటి నీళ్ల సీసా. సగం కిందే ఎందుకంటే వేడెక్కితే పిల్ల అవతలికి జరగాలి. ఇంట్లో చిన్నపిల్లలకు చూపించడం, ఫొటోలు, పాటలు ఏవీ వద్దు. వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికో, అటవీ శాఖకో ఫోన్ చేసి, పక్షి పేరు తెలియకపోతే అందుకోసం ఒక్క ఫొటో మాత్రం పంపి, మేత పెట్టాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి. ఒంటి వేడి పూర్తిగా రాకుండా మేత పెడితే అరగదు, లోపలే పులిసిపోతుంది.

పిగిలి పిట్టకు చెప్పింది అన్నిటికీ వర్తించదు. తీతువు, కంజు పిల్ల ఒంటరిగా దొరికితే చుట్టూ చూడండి, తల్లి రెక్క విరిగినట్టు నటిస్తూ మిమ్మల్ని పక్కకు లాగుతుంటే మీరే అడ్డం. గుడ్లగూబ పిల్లలు ఎగరకముందే గూడు వదిలి కొమ్మల్లో తిరుగుతాయి, కింద పడితే ముక్కు, గోళ్ల సాయంతో చెట్టెక్కుతాయి. అదే ఎక్కువ కాలం గాల్లోనే గడిపే స్విఫ్ట్ అనే పిట్ట పిల్ల నేలమీద కనబడితే మాత్రం తప్పకుండా సాయం కావాలి. గూడు వదిలాక దాన్ని మేపేవాళ్లు ఉండరు, నేలమీది నుంచి పైకి లేవడమూ దానికి కష్టం. ఎగురుతుందేమోనని గాల్లోకి విసరొద్దు. కాకి గూటి దగ్గర వేరే రకం పిల్లను కాకి మేపుతుంటే అది కోయిల పిల్ల, విడదీయకండి. యూరప్‌లో కోయిలలాగే వేరే పిట్టల గూళ్లలో గుడ్లు పెట్టే కుకూ పక్షి పిల్ల కళ్లు రాకముందే తోటి గుడ్లను వీపుతో తోసి పడేస్తుందని 1788లో రాసింది, తర్వాత మశూచి టీకాతో పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ జెన్నరే. అప్పట్లో చాలామంది నమ్మలేదు.

గూట్లో మిగిలిన రెండింటినీ చూడాలనిపిస్తుంది, సహజం. కిటికీలోంచి చూడండి. దగ్గరికెళ్లి తొంగిచూడాలంటే తల్లి లేనప్పుడు, వాన లేనప్పుడు, కొద్ది క్షణాలు. ఈకలు విచ్చుకుంటున్నాయంటే ఇక ఆపేయండి. పిగిలి పిట్ట విషయంలో పుట్టిన ఎనిమిదో రోజు తర్వాత గూటి దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది, ఒక్క బెదురుకు అన్నీ వయసు రాకుండానే దూకుతాయి. ఫొటో బాగా రావాలని అడ్డొచ్చే ఆకులు తుంచకండి. ఆ ఆకులే ఎండ, వాన, కాకి కన్ను పడకుండా కాపాడుతున్నాయి. కాకులు మనుషులు దేనివైపు పదేపదే చూస్తారో గమనిస్తాయని గుర్తుంచుకోండి. చీమలు పడుతుంటే మందు చల్లొద్దు, కుండీని లోతులేని పళ్లెంలో పెట్టి కాసిని నీళ్లు పోస్తే చాలు. మొక్కకు నీళ్లు పోయకుండా ఎండబెట్టకండి, గూటిమీద పడకుండా మొక్క మొదలు దగ్గర మెల్లగా పోయండి.

చూడటానికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంటే బాగుంటుంది. ఎన్ని గంటలకు ఎవరు వచ్చారు, ఏం తెచ్చారు, రెట్ట తీసుకెళ్లారా లేదా. రెండు రోజులు రాస్తే ఉదయం మేపు ఎక్కువగా, మిట్టమధ్యాహ్నం తగ్గి, సాయంత్రం మళ్లీ పెరగడం కనిపిస్తుంది. మేత పురుగుల నుంచి మెల్లగా పండ్లకు మారడమూ కనిపిస్తుంది. ఒక పిల్ల మిగతాదానికంటే చిన్నగా ఉండి, మేతకు వెనకబడి, ఒకనాటికి కనబడకపోవచ్చు. దాన్ని తీసి విడిగా పెంచాలని అనిపిస్తుంది, వద్దు. మేత దొరకని ఏడాది ఉన్న మేత అన్నిటికీ పంచి అన్నిటినీ పోగొట్టుకోకుండా గట్టిదాన్నైనా దక్కించుకునే పద్ధతి అది. నాకూ చూడ్డానికి ఇష్టముండదు, అయినా చేయి పెట్టను.

ఇక గూటి సంగతి. చివరి పిల్ల వెళ్లాక వారం పది రోజులు ఆగండి. పిగిలి పిట్టలు అదే ఋతువులో మళ్లీ పిల్లలు చేస్తాయి గానీ సాధారణంగా కొత్త గూడు కడతాయి, కొన్నిసార్లు అదే మొక్కలో ఇంకో కొమ్మకు. పిట్టల రాకపోకలు లేవు, గూట్లో గుడ్లు లేవు అని తేలాక తీసేయొచ్చు. చేతికి తొడుగు వేసుకుని తీయండి, పాత గూళ్లలో కంటికి ఆనని పురుగులు ఉంటాయి, కుట్టి దద్దుర్లు తెస్తాయి. మొక్క కొమ్మలు కత్తిరించే పని ఉంటే మాత్రం ఇంకో రెండు వారాలు ఆపండి. ఎగిరిన పిల్లలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి, పగలు దాక్కోవడానికి వాటికి ఆ పొద కావాలి.